గొంగడికి పురుగు పట్టకముందే మేలుకోండి

సంక్రాంతి వెళ్లి చలి తగ్గిందంటే ఇంట్లో గొంగడి మడతపడి అటకెక్కుతుంది. మళ్లీ తొలకరికి దించి చూస్తే చిల్లులు! నిరుడు బాగానే ఉండె గదా అని ఇంట్లోవాళ్ల మీద విసుక్కుంటే లాభం లేదు. అటకెక్కించే ముందు నాలుగు పనులు చేయకపోవడమే దీనికి కారణం.

రంగారెడ్డి జిల్లా అల్మాస్‌గూడలో ఇప్పుడు ఎటు చూసినా ప్లాట్లు, ఇళ్లే. ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి పట్నం పెరిగి ఇక్కడిదాకా వచ్చింది. మందలు పోయినా పాత ఇళ్లలో గొంగళ్లు మిగిలాయి. కొత్తది కొందామంటే నేసేవారు తగ్గిపోయారు. గొంగడికి కావలసింది దక్కనీ గొర్రె ఉన్ని. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు పొట్టేళ్లతో కలపడంతో మందల్లో ఉన్ని తగ్గింది. ఆ ఉన్నిని ఏకి, వడికి, గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెడితేగాని గొంగడి కాదు. అందుకే ఉన్నదాన్ని కాపాడుకోవడమే మేలు.

ఈ విలేకరి ఇంట్లో జరిగిందే చెబుతాను. మా నాయన గొంగడి శుభ్రం చేద్దామని కాగిన నీళ్లలో బట్టల సోడా వేసి, బండమీద బాది ఉతికాను. ఆరేసరికి అది అట్టలా బిగుసుకుని పిల్లవాడి దుప్పటంత అయింది. "నలభై ఏండ్లు వానకు ఆగింది, నీ ఒక్క ఉతుకుకు ఆగలే" అన్నది మా అమ్మ. ఉన్ని పోగుమీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడి నీళ్లు, రాపిడి తగిలితే అవి ఒకదానికొకటి చిక్కుకుంటాయి. ఒకసారి కుంచించుకుపోయిన ఉన్ని మళ్లీ మామూలు కాదు. సోడా పోగును తినేస్తుంది.

దులపడమే అసలు వైద్యం

గొంగడిని ఏటా ఉతకనక్కరలేదు. ఉతికితే గంజి పోతుంది, వానకు ఆగే గుణం తగ్గుతుంది. నెలకోసారి దండెం మీద వేసి బెత్తంతో రెండు వైపులా తట్టండి. కాసేపు ఎండ తగలనివ్వండి. బురద అంటితే తడిమీద రుద్దవద్దు. ఎండనిచ్చి, దులిపితే రాలిపోతుంది.

ఉతకక తప్పకపోతే

గుప్పెడు కుంకుడు కాయలు గింజలు తీసి రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడగట్టండి. ఆ రసం చల్లని నీళ్లలో కలిపి గొంగడిని ముంచి, చేత్తో మెల్లగా అదమండి. పిండి మెలితిప్పవద్దు. రెండు మూడుసార్లు మంచినీళ్లలో జాడించి, నీడన మంచం మీద పరచి ఆరబెట్టండి. తడి గొంగడిని దండేనికి వేలాడదీస్తే బరువుకు సాగిపోతుంది.

పురుగు సంగతి

ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు. చీకటి, చెమట, మురికి ఉన్నచోట చేరుతుంది. కాబట్టి మురికితో మడతపెట్టకండి. బాగా ఆరిన గొంగడిని పాత నూలు చీరలో చుట్టి, మడతల్లో ఎండిన వేపాకు పెట్టండి. వేపాకు పురుగును దూరం పెడుతుందేగాని, చేరినదాన్ని చంపదు. అందుకని రెండు నెలలకోసారి విప్పి ఎండలో దులపాలి. పొలానికి తెచ్చిన పురుగుమందు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చల్లకండి. మీరు, మీ పిల్లలు కప్పుకుని పడుకునే బట్ట అది.

తివాచీకీ ఇదే సూత్రం

ఏలూరు ఉన్ని తివాచీలు ఉన్నవారు వెనకవైపు నుంచి తట్టి దుమ్ము రాల్చాలి. చాయ్ ఒలికితే రుద్దకుండా పొడిగుడ్డతో అద్దాలి. దాచేటప్పుడు మడతపెట్టక చాపలా చుట్టాలి.

ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు. గుప్పెడు కుంకుళ్లు, పిడికెడు వేపాకు, ఒక పూట ఎండ. ఈ ఆదివారమే అటక మీదిది దించి చూడండి.