నంబర్ లేని సానరాయి

ఇప్పుడు సానరాయి కొంటే దాని మీద 1000, 3000, 8000 అని నంబర్ ఉంటుంది. నంబర్ పెరిగేకొద్దీ రాయి నునుపు. నా దగ్గరున్న పసుపు రాయికి అలాంటిదేమీ లేదు. దాని పేరు కోటిక్యూల్. బెల్జియంలోని ఆర్డెన్ ప్రాంతంలో, వియెల్‌సాల్మ్ చుట్టుపక్కల గనుల్లోంచి వచ్చే రాయి. షేవింగ్‌కి వాడే మడత కత్తులకు పెట్టింది పేరు. నేను కొన్నది సెకండ్ హ్యాండ్‌ది. మధ్యలో పల్లంగా అరిగిపోయి, పాత నూనె వాసనతో వచ్చింది.

దీని పనితనమంతా లోపలున్న గార్నెట్ రేణువుల్లో ఉంది (మన గోమేదికం కూడా ఆ కుటుంబమే). మైక్రాన్లలో కొలవాల్సినంత చిన్నవి. పదునైన మూలలు లేకుండా కాస్త గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఉక్కు మీద లోతైన గీతలు పడవు. రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి, అదే జాతి చిన్న రాయితో రుద్దితే పాలలాంటి ముద్ద వస్తుంది. రేణువులు విడివడి అందులో కలుస్తాయి. చిక్కగా ఉన్నంతసేపు కత్తి త్వరగా అరుగుతుంది. ఒక్కో చుక్క నీళ్లు కలుపుతూ పోతే అరుగుదల తగ్గి, అంచు నునుపుదేలుతుంది. చివరికి ఉత్త నీళ్లే. అంటే నంబర్ రాయిలో లేదు, మన చేతిలో ఉంది. ఆ చుక్క ఎప్పుడు వేయాలో ఏ యూట్యూబ్ వీడియో చూసినా రాదు, కత్తి కదిలే చప్పుడు మారడం వినాలి.

కలెక్టర్ల మధ్య అసలు గొడవ ఇంకోటి. అరిగిన పాత రాయిని చదును చేయాలా, అలాగే దాచాలా? పల్లంగా ఉంటే మడత కత్తి అంచు రాయికి సమంగా ఆనదు. చదును చేస్తే రాయి తరుగుతుంది. పసుపు పొర అసలే పలచన, విరగకుండా కింద పలకరాయి అతికించి అమ్మేవాళ్లు. పక్కనుంచి చూస్తే అతుకు గీత కనిపిస్తుంది. అతుకు లేకుండా రెండు రంగులూ గనిలోనే కలిసి పుట్టినవీ ఉంటాయి. ధర వాటికే ఎక్కువ, పనిలో మాత్రం నాకు తేడా తెలియలేదు. పెట్టె, లేబుల్ చూసి రేటు పెంచేవాళ్లకైతే నేను దణ్ణం పెట్టేస్తాను.

నేను చదును చేయడానికే ఓటేశాను. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, అద్దం మీద పరిచిన వాటర్ పేపర్ మీద గీతలన్నీ చెరిగేదాకా రుద్దాను. నీళ్లు పోస్తూనే రుద్దాలి. పొడిగా రుద్దితే లేచే సన్నటి రాతి ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పని అయ్యాక కొలిస్తే పసుపు పొర 4 మిల్లీమీటర్లు మిగిలింది. షేవింగ్ కత్తికి తప్ప దేనికీ దాన్ని తీయను.

"అంత రాయి పెట్టుకుని నా కత్తిపీటకు సాన పట్టవేంట్రా?" అని అమ్మ అడుగుతూనే ఉంటుంది. కత్తిపీటకు 1000 నంబర్ రాయి చాలమ్మా.