బండి పక్కకు ఎందుకు లాగుతుంది?

పిల్లలూ, మీ ఇంట్లో పెద్దవాళ్లు పాత పికప్ బండి కొనబోతూ ఉంటే మీరూ వెంట వెళ్లండి. ఇంజను సంగతి మేస్త్రీ చూసుకుంటాడు. మీరు టైర్లు చూడండి.

బండి ఆగి ఉన్నప్పుడు ముందు టైరు మీద అరచేతిని అడ్డంగా, మెల్లగా రాయండి. ఒకవైపుకు నున్నగా, రెండోవైపుకు గరుకుగా తగిలిందా? అయితే ముందు చక్రాలు తిన్నగా చూడటం లేదు. లోపలికో బయటికో మళ్లి, రోడ్డు మీద రాసుకుపోతున్నాయన్నమాట. అంచులు రెండూ అరిగితే మాత్రం గాలి చాలలేదు. నడుమ అరిగితే గాలి ఎక్కువైంది.

తోలితే పక్కకు లాగుతున్నదా? వెంటనే ఎలైన్‌మెంటు అనకండి. వాననీరు పోవడానికి మన రోడ్లు నడుమ ఎత్తుగా వేస్తారు గదా, కొంచెం ఎడమకు జరగడం సహజమే. గాలి సరిచూసి, ముందు టైర్లను అటుదిటు మార్పించండి. లాగుడు కూడా రెండోవైపుకు మారితే దోషం టైరుదే!

అమ్మేవాడు కొత్త టైర్లు వేయించి ఉంటే? అప్పుడు నేలనే అడగాలి. కాసిని నీళ్లు పోసి, వాటి మీదుగా చదునైన పొడినేల మీదికి బండిని తిన్నగా తోలమనండి. మీరు దూరంగా నిలబడి, బండి వెళ్లాక తడి జాడలు చూడండి. ముందు జాడలకూ వెనక జాడలకూ ఉన్న ఎడం రెండు వైపులా ఒకేలా ఉండాలి. వెనక జాడలు రెండూ ఒకే పక్కకు జరిగి ఉంటే, బండి ఊరకుక్కలా ఒళ్లు ఓరగా పెట్టి పరుగెత్తుతున్నది! వెనక ఇరుసు జరిగి ఉండవచ్చు. లేదా ఎప్పుడో దెబ్బ తగిలి ఛాసిస్ వంగి ఉండవచ్చు. వంగిన ఛాసిస్‌ను ముందు చక్రాల ఎలైన్‌మెంటు బాగుచేయలేదు. ధర ఎంత తగ్గిస్తానన్నా సరే, మీ నాన్నగారి చెయ్యి పట్టుకుని ఇవతలికి తీసుకువచ్చేయండి.