టీవీ కింద కంప్యూటర్ నిలుస్తుందా?

రాయదుర్గం స్టేషన్‌లో నీలం లైను మెట్రో ఎక్కితే మధ్యలో ఎక్కడా మారకుండా ప్యారడైజ్‌లో దిగొచ్చు. అక్కణ్నుంచి పార్క్ లేన్‌లోకి నడిస్తే చెనాయ్ ట్రేడ్ సెంటర్ వస్తుంది. కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్న హైదరాబాద్ వాళ్లందరికీ అది సీటీసీ. నిరుడు దసరా ముందు మా మేనల్లుడు నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాడు. హాల్లో టీవీ కింద పెట్టుకునే ఆటల కంప్యూటర్ కావాలని వాడి కోరిక. ప్లేస్టేషన్‌లాగా సోఫాలో కూర్చుని కంట్రోలర్‌తో ఆడుకోవాలి. కంప్యూటరే ఎందుకంటే ఆటలు చవగ్గా దొరుకుతాయి, కాలేజీ ప్రాజెక్టు కూడా దాని మీదే చేసుకోవచ్చు.

ప్రాసెసర్ ఒక దుకాణంలో కొన్నాం, గ్రాఫిక్స్ కార్డు ఇంకో అంతస్తులో. టీవీ స్టాండులో పట్టేంత చిన్న క్యాబినెట్ దొరికింది గానీ, "భయ్యా, ఈ కార్డు ఇందులో పట్టదు, రెండు వేళ్లు ఎక్కువుంది" అన్నాడు బిగించే కుర్రాడు. కార్డు మార్చాం. కార్డు మారిస్తే పవర్ సప్లై మార్చాల్సి వచ్చింది. చీకటి పడ్డాక పెట్టె ఒళ్లో పెట్టుకుని రాయదుర్గం తిరిగొచ్చాం.

ఆట మొదలైతే బొమ్మ అద్భుతంగా ఉంది. చిక్కంతా ఆట మొదలయ్యే దాకానే. సోఫాలోంచి చూస్తే టీవీ మీద అక్షరాలు చీమల్లా కనిపించాయి. కంట్రోలర్ చేతిలో ఉన్నా, మొదట ఎక్కడో ఒకచోట మౌసుతో నొక్కాలి. మౌసు పెట్టుకోవడానికి సోఫా చేతి మీద అట్టముక్క వేశాడు వాడు. ఒకరోజు మేమిద్దరం ఇంట్లో లేనప్పుడు మా చెల్లెలు ఫోన్ చేసింది: "అన్నయ్యా, చిన్నోడు కార్ల ఆట పెట్టమని ఏడుస్తున్నాడు. ఇదేమో పాస్‌వర్డ్ అడుగుతోంది, కొడితే అప్‌డేట్ అవుతోందంటోంది. ఆపేయనా?"

ఆ ఫోన్ తర్వాత నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. అంత శక్తిగల యంత్రం ఒక ఆటల డబ్బా చేసే పనిని అంత సులువుగా ఎందుకు చేయలేకపోతోంది? అందరికీ ఒకే రకంగా, ఒకే ప్రమాణంతో హాల్లో పెట్టుకునే కంప్యూటర్ తయారుచేస్తే అది ప్లేస్టేషన్‌కీ ఎక్స్‌బాక్స్‌కీ పోటీ అవుతుందా?

తేడా చిప్‌లో ఉందనుకుంటే పొరపాటు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింటిలోనూ ఉన్నది ఏఎండీ చిప్పే. హైదరాబాద్‌లో కూడా డిజైన్ కేంద్రం ఉన్న కంపెనీ అది. రెండింటిలోనూ 8 కోర్ల జెన్ 2 ప్రాసెసర్, 16 జీబీ మెమరీ. సీటీసీలో కంప్యూటర్లకు అమ్మే ప్రాసెసర్లది కూడా అదే వంశం. 2001లో వచ్చిన తొలి ఎక్స్‌బాక్స్‌లో పెంటియం 3 ప్రాసెసర్, ఎన్‌విడియా గ్రాఫిక్స్, హార్డ్ డిస్కు ఉండేవి. మూత తీసి చూస్తే అది కంప్యూటరే.

తేడా ఎక్కడుందో చెప్పడానికి వంటింటి లెక్క బాగా పనికొస్తుంది. కందిపప్పుకి నాలుగు విజిళ్లు అంటుంది మా అమ్మ. అది ఆమె కుక్కర్‌కి, ఆమె స్టవ్ మంటకి సరిపోయే లెక్క. అదే లెక్కతో మా ఇంట్లో ఇండక్షన్ స్టవ్ మీద పెడితే ఒకరోజు పప్పు పలుకుగా ఉంటుంది, ఒకరోజు అడుగంటుతుంది. ఆటల డబ్బాకి, అంటే కన్సోల్‌కి, ఆట రాసే ఇంజినీరుకి లక్షల ఇళ్లలో ఒకే కుక్కర్, ఒకే మంట ఉన్నాయని ముందే తెలుసు. విజిళ్లు లెక్కపెట్టి రాసేస్తాడు. కంప్యూటర్‌కి రాసేవాడు మాత్రం "మెత్తబడే దాకా ఉడికించండి, మధ్యమధ్యలో చూసుకోండి" అని రాయాల్సిందే. ఆటలోని సెట్టింగుల పేజీలో కనిపించే ముప్పై నలభై మీటలకు అర్థం అదే.

ఇందులో ఒక చిన్న భాగాన్ని దగ్గరగా చూద్దాం. గ్రాఫిక్స్ చిప్ నడిపే చిన్న చిన్న ప్రోగ్రాములను షేడర్లంటారు. నీటి మీద వెలుగు ఎలా మెరవాలో, నీడ అంచు ఎంత మెత్తగా ఉండాలో అవే చెబుతాయి. ఒక ఆటలో ఇలాంటివి వేలల్లో ఉంటాయి. ప్రతి చిప్‌కీ, దాని డ్రైవర్‌కీ తగ్గట్టు వీటిని తర్జుమా చేయాలి. కన్సోల్‌లో చిప్ ఒక్కటే కాబట్టి తర్జుమా ఆట తయారుచేసేచోటే అయిపోతుంది, ఆటతోపాటే వస్తుంది. కంప్యూటర్‌లో ఆ పని మన ఇంట్లోనే, కొన్నిసార్లు ఆడుతుండగానే జరుగుతుంది. కొత్త గదిలోకి అడుగు పెట్టగానే బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయి మళ్లీ కదులుతుందే, అది చాలాసార్లు ఈ తర్జుమా వల్లే. ఖరీదైన కార్డు కొన్నంత మాత్రాన ఆ కుదుపు పోదు.

ఒకే పెట్టెని ఏళ్ల తరబడి మార్చకుండా ఉంచితే ఏమవుతుందో చూపించే ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. ప్లేస్టేషన్ 2 వచ్చింది 2000లో. తొమ్మిదేళ్ల తర్వాత, 2009లో, హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ దానికోసం 'హనుమాన్: బాయ్ వారియర్' తయారుచేసింది. అదే ఏడాది హైదరాబాద్ సంస్థే అయిన గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా' తెచ్చింది. మన దగ్గర తయారైన తొలి కన్సోల్ ఆటల్లో ఇవి లెక్కకొస్తాయి. అవి గొప్ప ఆటలని అనను. నేను చూస్తున్నది వేరే సంగతి. ఇక్కడి జట్లు పని నేర్చుకుని తయారయ్యేసరికి తొమ్మిదేళ్లు గడిచాయి. అప్పటికీ ఆ పెట్టె అలాగే ఉంది, కొనేవాళ్లూ ఉన్నారు. దాని తయారీ ఆగింది 2013లో. కొత్తగా వచ్చినవాళ్లు అందుకునే దాకా ప్రమాణం ఆగి ఉండటమంటే ఇదే. ఏటా కార్డులు మారే కంప్యూటర్ లోకంలో ఆ వెసులుబాటు లేదు.

ఒకే ప్రమాణంతో కంప్యూటర్ చేద్దామన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1983లో జపాన్‌లో మైక్రోసాఫ్ట్ తరఫున కజుహికో నిషి 'ఎంఎస్ఎక్స్' అనే ప్రమాణం తెచ్చాడు. సోనీ, యమహా, ఫిలిప్స్ వంటి కంపెనీలు ఎవరి యంత్రం వాళ్లు చేసినా, ఒకదాని క్యాట్రిడ్జి ఇంకోదాంట్లో నడిచేది. అదే ఏడాది జులైలో నింటెండో ఆటల డబ్బా ఫామికామ్ వచ్చింది. ఎంఎస్ఎక్స్ కొన్ని దేశాల్లో బాగానే నడిచినా, హాల్లో గెలిచింది ఫామికామే. పదేళ్లకు, 1993లో, ట్రిప్ హాకిన్స్ అనే వ్యాపారవేత్త 3డీఓ అనే ప్రమాణంతో మళ్లీ ప్రయత్నించాడు. ప్రమాణం అతని కంపెనీది, తయారీ పానసోనిక్, గోల్డ్‌స్టార్ లాంటివాళ్లది. ధర 700 డాలర్లు. యంత్రం చేసేవాడికి ఆటల మీద ఆదాయం లేదు కాబట్టి లాభమంతా యంత్రం మీదే రాబట్టుకోవాలి. ఆ ధరకి జనం కొనలేదు.

కంప్యూటర్ ఆటల అతి పెద్ద దుకాణం 'స్టీమ్'ని నడిపే వాల్వ్ కంపెనీ 2015 నవంబర్‌లో స్టీమ్ మెషీన్లను తెచ్చింది. పేరు ఒక్కటే, పెట్టెలు డజను. ఏలియన్‌వేర్ యంత్రం 449 డాలర్లకు మొదలైతే, ఇంకొకరిది 5 వేల డాలర్ల దాకా వెళ్లింది. ఏది కొనాలో కొనేవాడికి తెలియలేదు, దేనికి రాయాలో రాసేవాడికి తెలియలేదు. పైగా విండోస్ బదులు అందులో వాడిన లైనక్స్ మీద అప్పట్లో విండోస్ ఆటలు నడిచేవి కావు. మూడేళ్లలో అవి కనుమరుగయ్యాయి. నా ఉద్దేశంలో అక్కడ ఓడింది ప్రమాణం కాదు. అసలు ప్రమాణమే పెట్టలేదు.

ధర సంగతి ఇంకాస్త నిదానంగా చూడాలి. కన్సోల్ కంపెనీ తన డబ్బాను అసలు ధరకో, మొదట్లో నష్టానికో అమ్మగలదు. దాని మీద అమ్ముడయ్యే ప్రతి ఆట నుంచీ, సాధారణంగా 30 శాతం, దానికి వాటా వస్తుంది. వాల్వ్‌కీ తన దుకాణంలో అలాంటి వాటాయే ఉంది కదా, అదీ నష్టానికి అమ్మొచ్చు కదా అనిపిస్తుంది. సోనీ అనుభవం చూస్తే ఎందుకు కుదరదో తెలుస్తుంది. ప్లేస్టేషన్ 3ని సోనీ మొదట్లో నష్టానికే అమ్మింది. అందులో లైనక్స్ వేసుకోవడానికి వీలుండేది. అమెరికా వైమానిక దళం దాదాపు 1,700 ప్లేస్టేషన్లు కొని, కలిపి, 2010లో ఒక సూపర్ కంప్యూటర్ కట్టుకుంది. వాళ్లు ఒక్క ఆటా కొనరు కదా! ఆ ఏడాదే సోనీ లైనక్స్ దారి మూసేసింది. హాల్లో పెట్టుకునే కంప్యూటర్‌ని ఎవరైనా చవగ్గా అమ్మితే రాయదుర్గంలో జరగబోయేదీ ఇదే. పనికొచ్చే ఆరు కోర్ల కంప్యూటర్ సగం ధరకు దొరికితే, నాలెడ్జ్ సిటీ చుట్టుపక్కల చిన్న కంపెనీలు పదులకొద్దీ తెప్పించి ఆఫీసు బల్లల మీద పెట్టుకుంటాయి. ఏ పనికైనా పనికిరావడం కంప్యూటర్ గుణం. దాన్ని నష్టానికి అమ్మలేకపోవడానికి కారణం కూడా ఆ గుణమే.

అలాగని దారి మూసుకుపోలేదు. 2018లో వాల్వ్ 'ప్రోటాన్' అనే పొరను విడుదల చేసింది. విండోస్ కోసం రాసిన ఆటని అది అప్పటికప్పుడు లైనక్స్‌కి అర్థమయ్యేలా చేస్తుంది. 2022లో చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ వచ్చింది. ఈసారి ఒకే చిప్, ఒకే తెర, ఒకే కంపెనీ. దాంతో తర్జుమా చేసిన షేడర్లను ఆటతోపాటే ముందుగా పంపడం సాధ్యమైంది. ఏ ఆట దాని మీద సజావుగా నడుస్తుందో పరీక్షించి గుర్తు వేయడం మొదలైంది. పవర్ బటన్ నొక్కితే ఆట ఉన్నచోటే నిద్రపోతుంది, మళ్లీ నొక్కితే అక్కణ్నుంచే లేస్తుంది. చెల్లెలు ఫోన్‌లో చెప్పుకున్న కష్టానికి జవాబు ఇలాంటి చిన్న పనుల్లోనే ఉంది.

2025 నవంబర్ 12న అదే కంపెనీ మళ్లీ స్టీమ్ మెషీన్‌ని ప్రకటించింది. ఈసారి డజను పెట్టెలు లేవు. ఆరంగుళాల ఘనం లాంటి ఒకే పెట్టె, ఏఎండీ ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ మెమరీ, గ్రాఫిక్స్‌కి విడిగా 8 జీబీ. సీటీసీలో మాకు పట్టని కార్డు గుర్తొచ్చింది ఆ కొలతలు చూడగానే. దీన్ని నష్టానికి అమ్మబోమని, అంతే శక్తిగల కంప్యూటర్ ధరకు దగ్గరగా ఉంటుందని వాళ్ల ఇంజినీర్లు అప్పుడే చెప్పారు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు మండుతున్న సమయంలో వచ్చిన మాట అది. కాబట్టి కొనే రోజు ధరలో కన్సోల్‌తో పోటీ పడగలదని నేననుకోను. ఇంకో లోటు కూడా ఉంది. మోసగాళ్లను పట్టడానికి విండోస్ లోతుల్లోకి దిగే కాపలా ప్రోగ్రాములున్న ఆటలు చాలావరకు ఇందులోనూ ఉండే లైనక్స్ మీద నడవవు. మా మేనల్లుడి హాస్టల్ స్నేహితులు రాత్రిళ్లు ఆడే వాలరెంట్ అలాంటిదే.

పోటీ పడగలిగేది కొన్న తర్వాతి ఖర్చుల్లో. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు వచ్చింది. మరుసటి ఏడాదే అది 54,990 అయింది. దానికి పెద్ద ఆట కొత్తది 5 వేలకు అటూఇటూ. చాలా ఆటల్ని నెట్‌లో స్నేహితులతో ఆడాలంటే చందా కూడా కట్టాలి. కంప్యూటర్ వైపు ఆ చందా లేదు, ఏడాది పొడవునా తగ్గింపులుంటాయి, పదిహేనేళ్ల కిందట కొన్న ఆట కొత్త యంత్రం మీదా చాలావరకు నడుస్తుంది. మూడేళ్లు వాడే కుటుంబానికి ఈ లెక్క కలిసొస్తుంది. అయితే డిస్కులు మార్చుకుంటూ, పాతవి అమ్ముతూ ఆడేవాళ్లకి కన్సోలే చవక. కంప్యూటర్ ఆటని ఇంకొకరికి అమ్మలేం.

మన దగ్గర మరో అడ్డంకి కూడా ఉంది. స్టీమ్ డెక్‌ని వాల్వ్ అమెరికా, యూరప్‌లలో మొదలుపెట్టి, తర్వాత జపాన్, కొరియా, ఆస్ట్రేలియాలకు తీసుకెళ్లింది. ఆ వరసలో మన దేశం లేదు. ఇక్కడ దొరికేవి బయటినుంచి తెచ్చి, ధర పెంచి అమ్మేవి. పాడైతే చూసే సర్వీస్ సెంటర్ లేదు. కరెంటు హెచ్చుతగ్గులూ, నలభై డిగ్రీల ఏప్రిల్ ఎండలూ ఉన్న ఊళ్లో వారంటీ లేని యాభై అరవై వేల పెట్టెని టీవీ కింద పెట్టమని ఏ ఇంటికీ సలహా ఇవ్వలేను.

పెట్టె తయారుచేయడం మనకు కష్టమేమీ కాదు. నమూనా యంత్రాలు చేసుకోవడానికి రాయదుర్గంలోనే టీ వర్క్స్ ఉంది, 2023 మార్చిలో మొదలైంది. చిప్ తెచ్చుకుని, డబ్బా చేసి, ఫ్యాన్ పెట్టి చూపించే కుర్రాళ్లు ఇక్కడ దొరుకుతారు. కానీ ఆరేళ్ల పాటు ఆ పెట్టెని మార్చకుండా, ప్రతి ఆటనీ దాని మీద పరీక్షిస్తూ, నిద్రలోంచి లేవడం దగ్గర్నుంచి చిన్న అక్షరాల దాకా సరిచేస్తూ కూర్చోవడానికి జీతాలివ్వగలిగేవాళ్లు కావాలి. ఇప్పుడు ప్రపంచంలో ఆ స్థితిలో ఉన్న కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండేళ్లకే ఇంకో మోడల్ తెచ్చి పాతదాన్ని వదిలేస్తే వాల్వ్ కూడా 2015 దగ్గరికే తిరిగొస్తుంది.

మా మేనల్లుడు సంక్రాంతిలోగా తన కంప్యూటర్‌ని తనే దారికి తెచ్చుకున్నాడు. పాస్‌వర్డ్ అడగకుండా చేశాడు. ఆన్ కాగానే స్టీమ్‌లో టీవీ కోసం పెద్ద అక్షరాలతో ఉండే తెర నేరుగా వచ్చేలా పెట్టాడు. కంట్రోలర్ బటన్‌తోనే యంత్రం నిద్ర లేచేలా చేశాడు. మూడు శనివారాలు పట్టింది. పండక్కి వచ్చిన చెల్లెలు ఎవరినీ పిలవకుండా చిన్నోడికి కార్ల ఆట పెట్టింది. టీవీని మాత్రం ఇంకా దాని రిమోట్‌తోనే వేయాల్సి వస్తోంది.