బొమ్మలగుట్ట మీది కందపద్యాలు

జగిత్యాల నుండి కరీంనగరు పోయే బాటలో కొండగట్టు దాటిన పిమ్మట, గంగాధర చేరువలో కురిక్యాల అను గ్రామము కలదు. అక్కడి గుట్టను జనులు బొమ్మలగుట్ట అంటారు. ఆ దారిన బస్సులో ఎన్నిమార్లు పోయినానో లెక్కలేదు. ముప్పది యేండ్లుగా తరగతిలో నన్నయతోనే తెలుగు పద్యము మొదలైనట్లు పాఠము చెప్పినవాడను. ఆయనకు దాదాపు నూరేండ్ల ముందటి కందపద్యాలు ఇంత చేరువలో ఉన్నా దిగి చూచిన పాపాన పోలేదు.

మొన్న ఒక ఆదివారము కోరుట్ల, సిరిసిల్ల విద్యార్థులు కొందరు పట్టుబట్టగా, ఎండ ముదరకమునుపే గుట్ట ఎక్కినాము. బండకు చక్రేశ్వరి, జినమూర్తులు చెక్కబడి ఉన్నవి. అక్కడనే శాసనము. లిపి ఒక్కటే, భాషలు మాత్రము మూడు: సంస్కృతము, కన్నడము, తెలుగు. తెలుగు భాగములో మూడు కందాలు. సుమారు 945 నాటి ఈ శాసనమును వేయించినవాడు జినవల్లభుడు. 941లో కన్నడమున 'విక్రమార్జున విజయము' రచించిన పంపకవికి ఇతడు తమ్ముడు. పంపని ఏలిక రెండవ అరికేసరి రాజధాని వేములవాడ నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిదే. కన్నడకవి తమ్మునికి తెలుగు కందమేల అని పిల్లలు అడిగినారు. వారి పూర్వులది కమ్మనాటి వంగిపర్రు, వేంగీసీమ. జవాబు శాసనములోనే ఉన్నది.

జినవల్లభుడు ఇక్కడ త్రిభువనతిలకమను బసదిని, మదనవిలాసమను వనమును, ఒక చెరువును కూడ ఏర్పరచినాడు. చెరువు పేరు కవితాగుణార్ణవము. అది అన్నగారి బిరుదు! రాజుల పేర చెరువులు మనకు కొల్లలు; కవి పేర చెరువు త్రవ్వించిన తమ్ముని నేను మరొకని ఎరుగను.

ఒక బాలిక అచ్చుప్రతి చేతబట్టి బండ ముందు కూర్చుండి గణవిభజనకు పూనుకొన్నది. ఆరవ గణము నలమో జగణమో కావలె గదా! వ్రేళ్ళపై లెక్కించి, "కుదిరింది సార్!" అని కేక వేసినది. నల్లబల్లపై నేనెన్ని కందాలు విడదీసినా అట్టి కేక వినలేదు.

మా ప్రాంతపు గుట్టలు పూర్వము రోళ్ళకు, ఇసుర్రాళ్ళకు రాయినిచ్చినవి. అయినా గుట్ట గుట్టగానే మిగిలినది. ఇప్పుడు గ్రానైటు కొరకు గుట్టకు గుట్టనే కోసి ఓడలకెక్కిస్తున్నారు. కోతరంపమునకు అక్షరమున్న బండ, లేని బండ అను భేదము తెలియదు.

దిగివచ్చి బస్సుకై నిలుచున్నాము. ఇంటియంత రాతిదిమ్మెను మోసికొని ఒక లారీ మెల్లగా సాగిపోయినది. దిమ్మెపై ఎర్రరంగుతో ఏవో అంకెలు వ్రాసి ఉన్నవి. అలవాటు చొప్పున పిల్లలు వాటిని కూడ పైకి చదివినారు.