నాన్నకి గమ్ బూట్లు కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

పోయిన వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, పొలానికి వాటర్‌ప్రూఫ్ బూట్లు ఏవి మంచివి? నాన్నకి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడదామనుకుంటున్నా" అని. సరే, ఇవాళ అదే మాట్లాడుకుందాం.

మాది కాకుమాను పక్క. నల్లరేగడి నేల అంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు. వాన పడితే చెప్పు అక్కడే ఉంటుంది, కాలు మాత్రం పైకి వస్తుంది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గుర్తుందా? కోతకొచ్చిన వరి నీళ్ళలో పడిపోయింది. మా నాన్న మోకాళ్ళలోతు నీళ్ళలో వట్టి కాళ్ళతో తిరిగి పనలు గట్టుకి చేర్చాడు. వారానికి వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని ఊడిపోయింది. నేను బూట్లు కొన్నది ఆ తర్వాతే. కొని తప్పు చేశాను కూడా, అది తర్వాత చెప్తా.

ముందు అసలు విషయం. బూటు తడి కోసమే అనుకోకండి. పొలంలో ఎలుకలుంటాయి, వాటి మూత్రం నీళ్ళలో కలుస్తుంది. కాలికి చిన్న కోత ఉన్నా చాలు, అందులోంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. మనవాళ్ళు ఎలుక జ్వరం అంటారు. ఎలుకలున్న చోటికి పాములూ వస్తాయి. రాత్రి నీళ్ళు కట్టడానికి సెల్‌ఫోన్ లైటుతో గట్టు మీద నడుస్తాం కదా, రక్తపింజరి అక్కడే చుట్ట చుట్టుకొని ఉంటుంది. కాటు ఎక్కువగా పడేది పాదం మీద, పిక్క కింద. మోకాలి కిందివరకు వచ్చే మందపాటి బూటు ఆ భాగాన్ని కప్పుతుంది. పూర్తి గ్యారంటీ అని మాత్రం నేను చెప్పను. కాటు పడితే గట్టిగా కట్టు కట్టకండి, కొయ్యకండి. కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉండే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

ఇప్పుడు నా తప్పు. "వాటర్‌ప్రూఫ్" అని రాసుందని మడమ దాకా వచ్చే లెదర్ బూట్లు కొన్నాను. ఇనుప ముక్కుతో, బరువుగా, చూడటానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. నాన్న కాలవలో ఒక్క అడుగు వేశాడు, పైనుంచి నీళ్ళు లోపలికి! తోలు నీళ్ళు ఆపితే ఏం లాభం, బూటు ఎత్తు కంటే నీళ్ళ లోతు ఎక్కువైతే? ఇనుప ముక్కు బిల్డింగ్ పనికి కావాలి, పొలానికి అనవసరపు బరువు.

పొలానికి కావాల్సింది అతుకుల్లేని గమ్ బూటు. రెండు రకాలు దొరుకుతాయి, పీవీసీ, రబ్బరు. పీవీసీ చౌక. రబ్బరు మెత్తగా వంగుతుంది, కానీ ధర ఎక్కువ. ఐఎస్ఐ గుర్తు కింద నంబర్ చూడండి: పీవీసీకి ఐఎస్ 12254, రబ్బరుకి ఐఎస్ 5557. పురుగుమందు కొట్టే పనికైతే లోపల గుడ్డ లైనింగ్ లేనిది తీసుకోండి, గుడ్డ మందుని పీల్చుకుంటుంది. మందు కొట్టేటప్పుడు ప్యాంటు బూటులోపల కాదు, బూటు పైన ఉండాలి. లేదంటే కారిన మందంతా నేరుగా లోపలికే.

సైజు సాయంత్రం చూడండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మేజోడు వేసుకునే చూడండి. మరీ వదులైతే బురద లాగేస్తుంది, బిగుతైతే బొబ్బలు.

నాట్ల బురదలో బూటు వద్దా అని అడుగుతారు. నిజం చెప్పాలంటే దమ్ము చేసిన మడిలో బూటు పనికిరాదు. ప్రతి అడుగూ కూరుకుపోతుంది, నాట్లేసే ఆడవాళ్ళు వట్టి కాళ్ళతో దిగేది అందుకే. గట్టు మీద నడకకి, కోతకి, నీళ్ళు తీసిన చేలోకి, మందు కొట్టడానికి బూటు. అన్నిటికీ ఒకటే అని అమ్మేవాడు చెప్తే నమ్మకండి.

అన్నట్టు ఇది కొత్త సరుకేం కాదు. 1853లోనే హైరం హచిన్సన్ అనే అమెరికన్ ఫ్రాన్స్‌లో రబ్బరు బూట్ల ఫ్యాక్టరీ పెట్టాడు. అప్పటిదాకా చెక్క చెప్పులతో పొలం పనికి పోయే అక్కడి రైతులు వాటికి అలవాటు పడ్డారు.

ఇక చూసుకోవడం. ఇంటికి రాగానే బురద ఆరకముందే మామూలు నీళ్ళు, సబ్బుతో కడగండి. మందు కొట్టిన రోజు లోపలా బయటా కడగాలి, అదీ బావికీ కాలవకీ దూరంగా. కిరోసిన్, పెట్రోలు తగలనివ్వద్దు. ఎండలో పెట్టకండి, పీవీసీ గట్టిపడి పగుళ్ళొస్తాయి. నీడలో రెండు కర్రలు పాతి తిరగేసి తగిలించండి. లోపల తడి ఉంటే పాత పేపరు కుక్కండి, పొద్దున్నే తీసేయండి.

కారుతోందని అనుమానమొస్తే బూటు నిండా నీళ్ళు పోసి, బయట తుడిచి, పేపరు మీద నిలబెట్టండి. ఎక్కడ తడిస్తే అక్కడే చిల్లు. సైకిల్ ట్యూబు సొల్యూషన్ రబ్బరుకి పనిచేస్తుంది, పీవీసీకి సరిగ్గా పట్టదు, దానికి పీవీసీ అంటించే గమ్ వేరే అడగండి.

చివరిగా ఒకటి, ఇది మా ఇంట్లో జరిగిందే. వేసుకునే ముందు బూటు తిరగేసి గట్టిగా దులపండి. మొన్న నాన్న దులిపితే కప్ప దూకింది. ఆయన నవ్వాడు గానీ, ఆ రోజు నుంచి దులపకుండా వేసుకోవడం లేదు.