బోర్డు లేని స్టేషన్ పేరేమిటి?

'వసంత కోకిల' (1982) క్లైమాక్స్ మరిచిపోగలమా? కమల్‌హాసన్ కోతి చేష్టలు చేస్తున్నా శ్రీదేవి గుర్తుపట్టదు, రైలు కదిలిపోతుంది. ఆ స్టిల్‌లో స్టేషన్ బోర్డు లేదు. "ఇది హిల్‌గ్రోవే!" అని నా మిత్రుడితో సినిమా టికెట్ పందెం కాశాను.

"పట్టాల మధ్య చూడరా! పళ్ళ పట్టా ఏదీ?" అన్నాడు వాడు.

నిజమే! నీలగిరి రైలుకి కల్లార్ నుంచి కూనూరు దాకా నిట్టనిలువు ఎక్కుడు. అందుకే అక్కడ పట్టాల నడుమ పళ్ళున్న పట్టా వేశారు. ఇంజను పళ్ళచక్రం దాన్ని కరచుకుని కొండెక్కుతుంది. హిల్‌గ్రోవ్ ఆ దారిలోదే. పళ్ళు లేవంటే కూనూరు దాటినట్టే! ఆపై స్టేషన్ల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూశాం... కేత్తి!

టికెట్ డబ్బులు పోయాయి. పోతే పోనీండి! పాపం, ఆమె మనిషిని గుర్తుపట్టలేదు. మేం స్టేషన్‌నైనా గుర్తుపట్టాం!