పక్కింటి పసివాణ్ణి చూసుకోవడానికి లైసెన్సు కావాలా?

ఇంటిపట్టున ఉండే ఒక ఆపా పక్కిళ్ళ పిల్లల్ని ఇద్దరు ముగ్గురిని పగటిపూట తన ఇంట్లో ఉంచుకుని చూసుకుంటుంది. వాళ్ళ తల్లుల్లో ఒకరు బట్టల కొట్లో, ఒకరు నర్సింగ్ హోంలో, మరొకరు ప్రైవేటు బడిలో పనిచేస్తుంటారు. నెలకు ఇంత అని ఆపా చేతిలో పెడతారు. రాజమండ్రిలోనే కాదు, భీమవరంలోనూ, అమలాపురంలోనూ ఇలాంటి ఇళ్ళు కనిపిస్తాయి. ఇంతలో ఎవరో వచ్చి "లైసెన్సు లేకుండా ఇలా నడపకూడదమ్మా, కేసు పెడతారు" అని ఒక మాట అనేసి వెళ్ళిపోతారు. ఆపా బెదిరిపోయి పిల్లల్ని వద్దంటుంది. ఆమెకు వచ్చే నాలుగు డబ్బులు ఆగిపోతాయి. మర్నాటి నుంచి ఆ తల్లుల్లో ఒకరు ఉద్యోగం మానుకోవలసి వస్తుంది.

ఇందులో నిజమెంత, పుకారెంత అన్నది తేల్చుకోవడం అవసరం. ఎందుకంటే అక్కరలేని చోట మనవాళ్ళు హడలిపోతున్నారు, నిజంగా జాగ్రత్తపడవలసిన చోట మాత్రం నిశ్చింతగా ఉంటున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్పుకుందాం. పగలు తెచ్చి సాయంత్రం తీసుకువెళ్ళే పిల్లల్ని తన ఇంట్లో చూసుకునే మనిషి ఫలానా లైసెన్సు తీసుకోవాలని నిర్బంధించే కేంద్ర చట్టం మన దేశంలో లేదు. చాలామంది భయపెట్టేది 2015 నాటి బాలల న్యాయ చట్టం పేరు చెప్పి. అది 2016 జనవరి 15 నుంచి అమలులోకి వచ్చింది. దాని 41వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరే. కానీ ఎవరికి? ఆదరణ, రక్షణ అవసరమైన పిల్లలకు ఆశ్రయమిచ్చి ఉంచుకునే సంస్థలకు. అనాథలు, తల్లిదండ్రులు వదిలేసినవారు, ఇల్లూ వాకిలీ లేనివారు, చూసే దిక్కు లేనివారు ఆ పిల్లల కోవలోకి వస్తారు. పొద్దున్న అమ్మ ముద్దుపెట్టి దించి, సాయంత్రం వచ్చి ఎత్తుకుపోయే పిల్లవాడు ఆ లెక్కలోకి రాడు.

అయితే రాత్రి పడితే సంగతి మారిపోతుంది. మన గోదావరి జిల్లాల్లో ఈ మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రాజోలు, పి.గన్నవరం, నరసాపురం వైపు నుంచి ఏళ్ళ తరబడి ఆడవాళ్ళు కువైట్‌కు, మస్కట్‌కు, దోహాకు ఇంటి పనులకు వెళ్తున్నారు. అక్కడ అరబ్బుల పిల్లల్ని పెంచుతారు, ఇక్కడ తమ పిల్లల్ని మరొకరికి అప్పగిస్తారు. నానీ దగ్గరో, దాదీ దగ్గరో, ఖాలా దగ్గరో వదిలితే అది కుటుంబ వ్యవహారం, చట్టానికి దానితో పేచీ లేదు. అలా కాక, ఊళ్ళో ఒక ఇల్లు చూసి, నెల నెలా డబ్బు పంపుతామని చెప్పి పిల్లల్ని వదిలి వెళ్ళే పద్ధతి కూడా ఉంది. మొదట ఒకరు, తరువాత నలుగురు, ఆ తరువాత ఎవరో తెచ్చి అప్పగించిన అనాథ పిల్ల ఒకతె. ఆ ఇంటి యజమానురాలు తాను పుణ్యం చేస్తున్నాననే అనుకుంటుంది. నిజంగా పుణ్యమే కావచ్చు. కానీ ఆ ఇంటిని "ఇల్లు" అనుకోవాలో "సంస్థ" అనుకోవాలో అప్పుడు ప్రశ్న వస్తుంది. ఆశ్రయం కోసం వచ్చిన పిల్లలు కొందరే ఉన్నా, ఆ పని పాక్షికంగానే చేస్తున్నా, ప్రభుత్వ సాయం పైసా తీసుకోకపోయినా సంస్థ అయితే రిజిస్ట్రేషన్ ఉండాలని 41వ సెక్షను అంటోంది. లేకుండా నడిపితే 42వ సెక్షను ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ముప్పై రోజుల ఆలస్యాన్ని ఒక్కో వేరు నేరంగా లెక్కిస్తారు. తమిళనాడు అనాథాశ్రమాల్లో పిల్లల దోపిడీపై వచ్చిన కేసులో 2017 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, దేశమంతటా ఈ రిజిస్ట్రేషన్లు ఆ ఏడాది చివరికల్లా పూర్తికావాలని ఆదేశించింది. రాత్రులు పిల్లల్ని ఉంచే మదర్సా హాస్టళ్ళ పెద్దలు కూడా తమ దగ్గర అనాథ పిల్లలు ఉంటే ఈ సెక్షను ఒకసారి చదివించుకుని వినడం మంచిది.

ఇంకొక చిక్కు ఉంది. కువైట్‌లో ఉన్న తల్లి ఫోను ఆగిపోయింది, డబ్బు రావడం లేదు, ఇచ్చిన చిరునామాలో బంధువులు లేరు. అప్పుడేం చేయాలి? "అల్లాహ్ చూసుకుంటాడు" అని ఊరుకుంటే కుదరదు. వదిలివేయబడినట్టో, తప్పిపోయినట్టో, దిక్కు లేనట్టో కనిపించే బిడ్డ ఎవరి చేతిలో ఉంటే వారు 24 గంటల్లోగా పోలీసులకో, చైల్డ్‌లైన్‌కో, బాలల సంక్షేమ కమిటీకో, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికో తెలియజేయాలని 32వ సెక్షను చెబుతోంది. చెప్పకపోవడం నేరం. 1098కి ఒక్క ఫోను చాలు. ఈ సంగతి తెలియక మంచి మనసుతోనే చిక్కుల్లో పడే వాళ్ళుంటారు.

ఇక పగటి సంగతికి వద్దాం. చూసుకోవడం వేరు, బడి నడపడం వేరు. గుమ్మానికి "ప్లే స్కూల్", "ఎల్‌కేజీ" అని బోర్డు తగిలించి, యూనిఫారం పెట్టి, అడ్మిషన్ ఫీజు తీసుకుంటే అది విద్యా వ్యవహారంలోకి వెళ్ళిపోతుంది. ప్రైవేటు విద్యాసంస్థ పెట్టాలంటే అనుమతి ఉండాలని 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం చెబుతోంది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల ప్రైవేటు ప్లే స్కూళ్ళు గుర్తింపు తీసుకోవాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు కూడా ఉన్నాయి. అందుచేత నాలుగు అక్షరాలు దిద్దించినంత మాత్రాన బోర్డు పెట్టుకోకండి. పెట్టదలచుకుంటే ముందు మండల విద్యాశాఖాధికారిని కలవండి.

జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుని, అద్దెకు ఇల్లు తీసుకుని వ్యాపారంగా నడిపేవారు 1988 నాటి షాపులు, సంస్థల చట్టం కింద నమోదు గురించి కార్మిక శాఖవారిని, ట్రేడ్ లైసెన్సు గురించి మునిసిపాలిటీ లేదా పంచాయతీ వారిని అడగాలి. ఇవి దుకాణానికి ఉండే నియమాలే, పిల్లల పెంపకానికి సంబంధించినవి కావు. సహాయానికి పెట్టుకునే మనిషి విషయంలో మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. పసిపిల్లల్ని ఎత్తుకోవడానికి పన్నెండేళ్ళ పేద పిల్లను తెచ్చి పెట్టుకోవడం మన ఇళ్ళలో ఇంకా తప్పుగా అనిపించడం లేదు. ఆ పిల్ల కూడా పిల్లే. పధ్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని బాల కార్మిక చట్టానికి 2016లో సవరణ వచ్చింది. ఆరు నెలల నుంచి రెండేళ్ళ వరకు జైలు, ఇరవై వేల నుంచి యాభై వేల వరకు జరిమానా. లైసెన్సు లేదని భయపడే ఇంట్లో ఈ భయం కనబడకపోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది.

యాభై మంది, ఆపైన పనిచేసే చోట యజమానే క్రెష్ సదుపాయం కల్పించాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే నియమం ఉంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకునే హక్కు కూడా ఉంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలోనూ, మోరి జీడిపప్పు పనుల్లోనూ చేతులన్నీ ఆడవాళ్ళవే. తమ చోట ఎంతమంది పనిచేస్తున్నారో లెక్కపెట్టుకుని అడగవలసిన మాట ఇది.

మన పిల్లలు అమెరికా, ఇంగ్లండు వెళ్ళాక అక్కడి నుంచి కూడా ఇదే ప్రశ్న ఫోన్లలో వస్తోంది. అక్కడ జవాబు వేరు. టెక్సాస్‌లో డబ్బు తీసుకుని బంధువులు కాని పిల్లల్ని ఒకరి నుంచి ముగ్గురి వరకు ఇంట్లో క్రమంగా చూసుకున్నా ప్రభుత్వ జాబితాలో పేరు నమోదు చేయించుకోవాలి. అంతకు మించితే రిజిస్ట్రేషన్, ఇంకా పెరిగితే లైసెన్సు. కాలిఫోర్నియాలో తమ పిల్లలతోపాటు మరొక్క కుటుంబం పిల్లల్ని మాత్రమే చూసుకుంటే లైసెన్సు అక్కరలేదు. న్యూజెర్సీలో ఐదుగురి వరకు నమోదు ఐచ్ఛికం, ఆరుగురైతే లైసెన్సు. ఇంగ్లండులో ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని రోజుకు రెండు గంటలకు మించి డబ్బుకు తన ఇంట్లో చూసుకునేవారు నమోదు కావాలి. ఇక విజిటర్ వీసా మీద వెళ్ళిన నానీ సొంత మనవణ్ణి ఎత్తుకుంటే ఎవరూ అడగరు. పక్క అపార్టుమెంటు పిల్లవాణ్ణి కూడా చూసి డాలర్లు తీసుకుంటే అది ఉద్యోగం కిందికి వస్తుంది, ఆ వీసా దానికి ఒప్పుకోదు.

ఆ దేశాల్లో లైసెన్సు వెనుక ఒక తనిఖీ మనిషి ఉంటాడు. ఇల్లు చూస్తాడు, పొయ్యి చూస్తాడు, పిల్లల్ని లెక్కపెడతాడు. మనకు ఆ మనిషి లేడు కనుక ఆ పని తల్లే చేయాలి. గోదావరి డెల్టాలో తల్లి మొదట చూడవలసింది నీళ్ళు. పెరట్లో నుయ్యి, ఇంటి వెనుక పంట కాలువ, పక్కన చేపల చెరువు, మూతలేని మురుగు కాలువ, ఆఖరికి స్నానాల గదిలో నిండుగా ఉన్న బకెట్టు. పాకే బిడ్డకు ఆ బకెట్టు చాలు.

ఈ విషయంలో మరో డెల్టా దేశం నుంచి నేర్చుకోవలసింది ఉంది. బంగ్లాదేశ్‌లో పల్లె పల్లెకు చెరువులే, పిల్లలు ఎక్కువగా మునిగేది తల్లులు ఇంటి పనుల్లో ఉన్న ఉదయం వేళల్లోనే. అక్కడ "ఆంచల్" అనే పేరుతో ఊళ్ళోనే ఒక స్త్రీ తన ఇంట్లో ఐదేళ్ళ లోపు పిల్లల్ని పొద్దున్న 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు కూర్చోబెట్టుకునే ఏర్పాటు చేశారు. ఆంచల్ అంటే కొంగు. ఉర్దూలోనూ అదే మాట. నీటి మరణాలు బాగా తగ్గాయి. పిల్లల్ని ఇలా పగటిపూట ఒకచోట చూసుకోవడం నీటి ప్రమాదాల నివారణకు మంచి మార్గమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. అదే ఏడాది బంగ్లాదేశ్ పార్లమెంటు శిశు దినసంరక్షణ కేంద్రాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. కనుక మొహల్లాలో పిల్లల్ని చూసే ఆపాను బెదిరించి ఇంట్లో కూర్చోబెడితే పిల్లలకు మేలు జరుగుతుందని అనుకోవడం పొరపాటు. నా మట్టుకు, మన రాష్ట్రంలో కూడా ఇలాంటి ఇళ్ళకు రుసుము లేని ఒక చిన్న నమోదు, ఏడాదికోసారి ఆరోగ్య కార్యకర్త రాక ఉంటే బాగుంటుందనిపిస్తుంది.

ఎంతమందిని చూడవచ్చు? మూడేళ్ళ లోపు పిల్లలు పదిమందికి ఒక పెద్ద మనిషి, మూడు నుంచి ఆరేళ్ళ వారు ఇరవై మందికి ఒకరు ఉండాలని 2013 నాటి జాతీయ పూర్వ బాల్య విధానం చెప్పింది. అది గరిష్ఠం. వంట కూడా తానే చేసుకునే ఒంటరి ఆపాకు పాకే పిల్లలు నలుగురే ఎక్కువ.

డబ్బు దగ్గర మనవాళ్ళకు మొహమాటం. పసిబిడ్డను పెంచినందుకు ప్రతిఫలం తీసుకోవడం నామోషీ కాదు. మహాప్రవక్త (స)ను పసితనంలో పెంచిన హలీమా సాదియా (రజి) కూడా ఆ కాలపు ఆచారం ప్రకారం దాయీగానే బిడ్డను తీసుకువెళ్ళారు. అప్పు తీసుకుంటే రాసుకోమని ఖుర్ఆన్ ఆదేశించింది కదా, బిడ్డను అమానత్‌గా అప్పగించేటప్పుడు రాసుకోవడానికి సిగ్గెందుకు? ఒక నోటుబుక్కు చాలు. తల్లిదండ్రుల పేర్లు, రెండు ఫోను నంబర్లు, ఎవరు వస్తే బిడ్డను పంపాలి, ఎవరికి పంపకూడదు, ఏ మందు పడదు, ఏ డాక్టరు చూస్తున్నారు, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ. వచ్చేటప్పుడే ఒంటి మీద దెబ్బ ఉంటే అదీ రాయాలి. ఇది ఆపాకు కూడా రక్షణే. ఎందుకంటే బిడ్డ ఎవరి అధీనంలో ఉంటే వారు కొట్టినా, హింసించినా, బాధ కలిగేలా నిర్లక్ష్యం చేసినా బాలల న్యాయ చట్టం 75వ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. దానికి లైసెన్సు ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. లైంగికంగా బాధించిన సంగతి తెలిసీ చెప్పకపోతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం చెప్పనివారికీ శిక్ష ఉంది. ఇంట్లో ఉండే మగవాళ్ళెవరు, వచ్చి పోయేవారెవరు అని తల్లి అడిగితే ఆపా నొచ్చుకోకూడదు.

ఎవరైనా గుమ్మంలోకి వచ్చి లైసెన్సు ఏదని గద్దిస్తే చేతిలో డబ్బు పెట్టకండి. ఏ చట్టం, ఏ సెక్షను అని కాగితం మీద రాసివ్వమనండి. మీ మునిసిపాలిటీకి అసలు ఏం కావాలో 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఊళ్ళో పంచాయతీని అడగడానికి ఆ రుసుము కూడా లేదు. రాత్రులు పిల్లల్ని ఉంచుకునే వారు మాత్రం ఆలస్యం చేయకుండా కలెక్టరేట్‌లో మహిళా శిశు సంక్షేమ శాఖవారిని కలవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక రాజమండ్రి వారు కాకినాడ పోనక్కరలేదు, కలెక్టరేట్ అక్కడే ఉంది. రాజోలు, అమలాపురం వారికి అమలాపురం, నరసాపురం, పాలకొల్లు వారికి ఏలూరు బదులు భీమవరం.